బిగ్ బ్యాండ్ జాజ్ కచేరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

జాజ్ అంటే చిన్న గదిలో నలుగురైదుగురు కూర్చుని వాయించుకునే సంగీతమనుకుని వచ్చి, తెర లేచాక మూడు వరుసల్లో తళతళలాడే వాద్యాలను చూసి ‘ఇంతమందా!’ అన్నవాళ్ళను చాలామందిని చూశాను. విరామంలో వాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. పాత పాటలను తిరిగి వాయించే బ్యాండ్ల సంగతి వేరు. తాను రాసిన కొత్త సంగీతాన్ని తానే ముందు నిలబడి నడిపించే స్వరకర్తల కచేరీల గురించే ఈ జవాబులు.

బిగ్ బ్యాండ్‌లో ఎంతమంది ఉంటారు? ఎవరెక్కడ కూర్చుంటారు?

మామూలు లెక్క 17 మంది. ఐదు శాక్సఫోన్లు (రెండు ఆల్టో, రెండు టెనర్, ఒక బ్యారిటోన్), నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, వీటికి తోడు పియానో, గిటార్, డబుల్ బేస్, డ్రమ్స్. చివరి నలుగురినీ కలిపి రిథమ్ సెక్షన్ అంటారు. శాక్సఫోన్లు ముందు వరుసలో, ట్రాంబోన్లు వాళ్ళ వెనక, ట్రంపెట్లు అందరికంటే వెనక ఎత్తు మీద ఉంటాయి. రిథమ్ సెక్షన్ ఎక్కువగా ఒక పక్కకు సర్దుకుంటుంది.

ఈ తరం స్వరకర్తలు ఈ లెక్కను తమ అవసరాన్ని బట్టి మార్చుకుంటారు. కొందరు అకార్డియన్ చేరుస్తారు, కొందరు ఫ్రెంచ్ హార్న్, ట్యూబా, తంత్రీవాద్యాలు తెస్తారు. సంఖ్య 18 కావచ్చు, పాతిక కూడా కావచ్చు.

స్వరకర్త వేరు, అరేంజర్ వేరు కదా? ఇద్దరూ ఒకరే ఎలా అవుతారు?

వేరుగా ఉన్న రోజులూ ఉన్నాయి, ఇప్పటికీ ఉంటారు. స్వరకర్త ఒక బాణీ కడతారు. దాన్ని 17 మందికి పంచి పెట్టేవారు అరేంజర్. బాణీ ఎవరు ఎత్తుకోవాలి, దాని కింద ఎవరెవరు ఏ స్వరాలు పట్టుకోవాలి, ఎవరు ఎక్కడ ఊరుకోవాలి, ఎవరి సోలో ఎంత సేపు ఉండాలి అన్నవన్నీ అరేంజర్ చేతిలో ఉంటాయి. ఒకే బాణీ ఇద్దరు అరేంజర్ల చేతిలో పడితే రెండు వేర్వేరు కృతుల్లా వినిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. అమెరికా జాజ్ స్వరకర్త, బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ 1930లో ‘మూడ్ ఇండిగో’ రికార్డు చేసినప్పుడు బాణీని మూడు వాద్యాలకు ఇచ్చాడు: ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్. మామూలుగా అయితే క్లారినెట్ పైన, ట్రాంబోన్ కింద ఉండాలి. ఆయన తిరగేశాడు. ట్రాంబోన్‌ను మ్యూట్ (గొంతు మార్చే అడ్డు) పెట్టి దాని పై స్థాయికి ఎక్కించాడు, క్లారినెట్‌ను దాని అడుగు స్వరాలకు దించాడు. బాణీ చాలా సాదాది, చిన్నపిల్లలు కూడా పాడగలరు. కానీ ఆ మూడు గొంతులు కలిసిన చప్పుడు ఏ వాద్యానిదో చెప్పలేం. అరేంజింగ్ అంటే ఏమిటని ఎవరడిగినా నేను ముందు ఆ మొదటి ఎనిమిది బార్లే (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) వినిపిస్తాను.

బాణీ పుట్టేటప్పుడే ‘ఇది ఫలానా వాళ్ళ ఫ్లూగల్‌హార్న్ (ట్రంపెట్ లాంటిదే, గొంతు మెత్తన) మీద’ అని మనసులో పడితే కూర్పు ఎక్కడ ఆగిందో, అరేంజింగ్ ఎక్కడ మొదలైందో గీత గీయలేం. ఇక్కడ ‘ఫలానా వాళ్ళ’ అన్న మాట కావాలనే వాడాను. ఎలింగ్టన్ రాతప్రతుల్లో చాలా చోట్ల ‘రెండో ట్రంపెట్’, ‘మూడో ట్రాంబోన్’ అని కాకుండా వాయించేవాళ్ళ పేర్లే ఉంటాయి. ఆయన బ్యారిటోన్ శాక్సఫోన్ కోసం రాసినదంతా హ్యారీ కార్నీ ఊపిరి కోసం రాసింది. కార్నీ 1927లో చేరి 1974లో ఎలింగ్టన్ చనిపోయేదాకా ఆ బ్యాండ్‌లోనే ఉన్నాడు. అంతకాలం ఒకే మనిషి గొంతు ఎరిగి రాసిన సంగీతం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ కచేరీల్లో నన్ను కట్టిపడేసేది ఇదే.

ముందు నిలబడ్డ మనిషి ఏమీ వాయించడం లేదు. మరి ఏం చేస్తున్నట్టు?

తాళం చూపించడం అందులో చిన్న పని. పాట ఎత్తుకునేటప్పుడు వేగం ఇచ్చి, కొన్ని బార్లు గడిచాక చేతులు దించేసేవాళ్ళే ఎక్కువ. మంచి డ్రమ్మర్ ఉండగా తాళానికి ఇంకొకరు అక్కర్లేదు. శబ్దం పెరగడం తగ్గడం, పొడుగు స్వరాన్ని 13 మంది ఒకే క్షణంలో ఆపడం, వేగం మారే మలుపు దాటించడం ఆ మనిషి పనులు. వీటన్నిటికంటే ముఖ్యమైనది సోలోల సమయం.

చాలా పాటల్లో ఒక సోలో భాగం ఎంత పొడుగన్నది కాగితం మీద ఉండదు. ‘సంజ్ఞ వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ’ అని మాత్రమే ఉంటుంది. ఒక కచేరీలో టెనర్ శాక్సఫోన్ వాయించే ఆయన సోలో చేస్తున్నాడు. మొదటి ఆవృత్తం మామూలుగా సాగింది. రెండో దాంట్లో ఎక్కడో చిన్న మూడు స్వరాల ముక్క దొరికింది, దాన్ని వదలడం లేదు. స్వరకర్త అప్పటికే చెయ్యి సగం ఎత్తి ఉంది, వెనక ట్రాంబోన్లు వాద్యాలు పెదవులకు ఆనించారు. ఆమె ఆ చేతిని అలాగే గాలిలో ఆపి, తల కొంచెం పక్కకు వంచి విని, మెల్లగా దించేసింది. ట్రాంబోన్లు మళ్ళీ ఒళ్ళోకి దిగాయి. ఇంకో రెండు ఆవృత్తాల తర్వాత ఆ మూడు స్వరాలు పెద్ద కేకగా మారినప్పుడు వేలు పైకి లేచింది, ట్రాంబోన్లు అందుకున్నాయి. ఆ రాత్రి అంతకంటే పెద్ద నిర్ణయం ఇంకొకటి జరగలేదు. హాల్లో చాలామంది అది గమనించి ఉండరు, వాళ్ళ కళ్ళు శాక్సఫోన్ మీదే ఉన్నాయి.

అందుకే మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట చెప్తాను: అప్పుడప్పుడు ఆ చేతుల వైపు చూడండి.

కాగితాలు చూసి వాయించేది జాజ్ ఎలా అవుతుంది?

ఇది అందరూ అడిగే ప్రశ్న. అవధానంలో సమస్యాపూరణం గుర్తు చేసుకోండి. పృచ్ఛకుడు చివరి పాదం ఇస్తాడు. ఛందస్సు ముందే స్థిరం. మిగతా మూడు పాదాలు అవధాని ఆ క్షణంలో కట్టాలి, అవి ఇచ్చిన పాదానికి అతకాలి. సోలో వాయించేవారి పార్ట్ (ఆ ఒక్కరి వంతు రాసిన కాగితం) కూడా అలాంటిదే. అక్కడ స్వరాలు ఉండవు. బార్లు, వాటి మీద కార్డుల (ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపుల) పేర్లు, లోపల వాలు గీతలు ఉంటాయి. ఆ కార్డుల మీద ఏం వాయించాలన్నది ఆ మనిషి ఆశువు. పియానో, గిటార్, బేస్ పార్టుల్లో కూడా చాలా భాగం ఇలాగే ఉంటుంది. వాళ్ళు రాత్రికి రాత్రి కొత్త సంగతులు వేస్తూనే ఉంటారు.

పూర్తిగా రాసి ఉన్న చోట కూడా కాగితం అంతా చెప్పదు. స్వింగ్ నడకలో సమానంగా రాసిన రెండు స్వరాలను ఎవరూ సమానంగా వాయించరు. మొదటిది కాస్త సాగుతుంది, రెండోది తిశ్ర నడకకు దగ్గరగా ఆలస్యంగా పడుతుంది. ఎంత ఆలస్యం, ఎంత వత్తు అన్నది పాట వేగాన్ని బట్టి, వాయించే వాళ్ళను బట్టి మారుతుంది. శాక్సఫోన్ వరుసలో ఐదుగురూ మొదటి ఆల్టో ఎలా పలికితే అలా పలుకుతారు.

అసలు కాగితమే లేకుండా వాయించిన బ్యాండ్లూ ఉన్నాయి. కాన్సస్ సిటీలో కౌంట్ బేసీ తొలి రోజుల బ్యాండ్‌లో చాలా పాటలు నోటి మాటతోనే కట్టుకున్నవి. ఒక వరుసలో ఎవరో ఒక చిన్న పల్లవి అందుకుంటారు, పక్కవాళ్ళు దానికి కింద స్వరాలు కలుపుతారు, ఎదుటి వరుస జవాబిస్తుంది. రాసినదానికీ అప్పటికప్పుడు పుట్టినదానికీ మధ్య గోడ లేదని ఆ రికార్డులు వింటే తెలుస్తుంది.

ఈ తరం స్వరకర్తల ప్రత్యేకత ఏమిటంటే సోలోను పాట మధ్యలో ఖాళీ గదిలా వదిలిపెట్టరు. సోలో మొదలైనప్పటి భావం ఒకటి, ముగిసేసరికి పాట చేరాల్సిన చోటు ఇంకొకటి. ఆ దారి నడవాల్సింది సోలో వాయించేవారే. కింద కార్డులు మారుతూ, వెనక వాద్యాలు ఒక్కొక్కటే చేరుతూ ఆ మనిషిని అటువైపు నడిపిస్తాయి.

‘మోడరన్’ అంటే ఏమిటి? పాత స్వింగ్ బ్యాండ్‌కూ దీనికీ తేడా ఎక్కడ?

పాతదాన్ని తక్కువ చేసి చెప్పను, ఎందుకంటే ఇప్పుడు వినే ప్రతి మాయకూ మూలం అక్కడే ఉంది. 1920లలో న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండ్‌కు డాన్ రెడ్‌మన్ రాసిన అరేంజ్‌మెంట్లలో ఒక పద్ధతి స్థిరపడింది: శాక్సఫోన్లు ఒక పక్షం, ఇత్తడి వాద్యాలు ఒక పక్షం, ఒకరు అడిగితే ఇంకొకరు జవాబు. ఆ పద్ధతి మీదే 1930లలో డ్యాన్స్ హాళ్ళు నిండిపోయాయి. 1938 జనవరి 16న బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ అనే కచేరీ మందిరంలో వాయించింది. డ్యాన్స్ కోసం పుట్టిన సంగీతాన్ని జనం కుర్చీల్లో కూర్చుని విన్నారు. 1943 జనవరిలో అదే హాల్లో ఎలింగ్టన్ నల్లజాతి ప్రజల చరిత్ర మీద దాదాపు ముప్పావు గంట పొడుగున్న కృతి వినిపించాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్యాండ్లు కుప్పకూలాయి. ప్రయాణ ఖర్చులు పెరిగాయి, డ్యాన్స్ ఉండే చోట్ల మీద 1944లో ప్రత్యేక పన్ను పడింది, జనం గాయకుల వైపు మళ్ళారు. 1946 చివర్లో పేరున్న బ్యాండ్లు కొద్ది వారాల తేడాతో మూతపడ్డాయి. డ్యాన్స్ పోయాక మిగిలినవాళ్ళు వినడానికే రాశారు.

అక్కడి నుంచి దారి మార్చినవారిలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు గిల్ ఎవన్స్. క్లాడ్ థార్న్‌హిల్ బ్యాండ్‌లో ఫ్రెంచ్ హార్న్‌లు, ట్యూబా పెట్టుకుని మంచులా నిలిచిపోయే స్వరాలు రాయడం నేర్చుకున్నాడు. 1957లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఫ్లూగల్‌హార్న్ చుట్టూ 19 మందిని కూర్చాడు. ఆ రికార్డుల్లో శాక్సఫోన్ పక్షం, ఇత్తడి పక్షం అనే విభజన కరిగిపోయింది. ఒక ఫ్లూట్, ఒక మ్యూట్ పెట్టిన ట్రాంబోన్, ఒక బేస్ క్లారినెట్ కలిసి ఒక రంగు అవుతాయి, మరుక్షణం విడిపోయి ఇంకొకరితో కలుస్తాయి. చిత్రకారుడి పళ్ళెంలో రంగులు కలిసినట్టు ఉంటుంది.

1966 ఫిబ్రవరి 7, సోమవారం రాత్రి. న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో స్వరకర్త థాడ్ జోన్స్, డ్రమ్మర్ మెల్ లూయిస్ తమ బ్యాండ్‌ను ఎక్కించారు. స్టూడియోల్లో పగలంతా పనిచేసే ఉద్దండులు సోమవారం ఖాళీ కాబట్టి ఆ రోజు. జోన్స్ కార్డులు దట్టంగా, కారంగా ఉంటాయి, అయినా పాట గాలిలో తేలుతుంది. ఆ బ్యాండ్ వారసులు వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా పేరుతో సోమవారాలు వాయిస్తూనే వచ్చారు. ఆ బ్యాండ్‌లోనే ట్రాంబోన్ వాయించి, దానికి రాసిన బాబ్ బ్రుక్‌మయర్ తర్వాత గురువయ్యాడు. నేటి స్వరకర్తల్లో చాలామంది ఆయన శిష్యులు.

ఇక ఇప్పటి సంగీతంలో వినపడే తేడాలు: 32 బార్ల పాట చుట్టూ తిరగడం తగ్గింది, పొడవైన కథలా సాగుతుంది. ఐదు, ఏడు, పదకొండు లెక్కల తాళాలు మామూలు. రాక్, బ్రెజిల్, స్పెయిన్ నడకలు, యూరప్ శాస్త్రీయ సంగీతపు అల్లిక అన్నీ కలిసిపోయాయి.

ఎవరి సంగీతంతో వినడం మొదలుపెట్టాలి?

నన్నడిగితే మరియా ష్నైడర్. మిన్నెసోటాలోని విండమ్ అనే చిన్న ఊళ్ళో 1960లో పుట్టింది. గిల్ ఎవన్స్ దగ్గర సహాయకురాలిగా పనిచేసి, బ్రుక్‌మయర్ దగ్గర నేర్చుకుంది. 1990లలో న్యూయార్క్‌లోని ఒక చిన్న క్లబ్బులో సోమవారాలు తన ఆర్కెస్ట్రాను నడిపింది. ఆమెకు పక్షులంటే ప్రాణం. 2007లో వచ్చిన ‘స్కై బ్లూ’ ఆల్బమ్‌లో వలస పక్షి గురించిన కృతి మొదట్లో వాద్యకారులే పక్షికూతలు పలికిస్తారు. అడవి మేలుకుంటున్నట్టు ఉంటుంది. 2020 నాటి ‘డేటా లార్డ్స్’ రెండు భాగాలు: ఒకటి డిజిటల్ ప్రపంచం మీద భయంకరమైన బరువుతో, రెండోది ప్రకృతి మీద వెలుగుతో. రెండో భాగంతో మొదలుపెట్టండి. 2014లో రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఆమెతో కలిసి ఒక పాట చేశాడు. ఆమె ఆర్కెస్ట్రాలోని శాక్సఫోన్ విద్వాంసుడు డానీ మెకాస్లిన్ బృందమే తర్వాత బోవీ చివరి ఆల్బమ్‌లో వాయించింది.

కొంచెం మొరటుగా, రాక్ ఛాయతో కావాలంటే డార్సీ జేమ్స్ ఆర్గ్యూ నడిపే 18 మంది సీక్రెట్ సొసైటీ వినండి. తొలి ఆల్బమ్ 2009లో వచ్చింది. తోషికో అకియోషి 1973లో లాస్ ఏంజెలిస్‌లో లూ టబాకిన్‌తో కలిసి బ్యాండ్ పెట్టి, జపాన్ నో నాటకంలోని త్సుజుమి డ్రమ్ము చప్పుడును బిగ్ బ్యాండ్‌లోకి తెచ్చింది. ఐదు శాక్సఫోన్ల స్థానంలో ఫ్లూట్లు, క్లారినెట్లు ఎలా వాడాలో ఆమె దగ్గర నేర్చుకోవాలి. కార్లా బ్లే, విన్స్ మెండోజా, మిహో హజామా ఆ తర్వాత. వీటన్నిటికీ ముందూ వెనకా ఎలింగ్టన్, ఆయన జంట స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ ఉండనే ఉన్నారు.

ట్రంపెట్ మూతికి పెట్టే ఆ బుట్టల్లాంటివి ఏమిటి?

మ్యూట్లు. వాద్యం నోట్లో అడ్డం పెట్టి గొంతు మార్చేవి. శంకువులా ఉండే స్ట్రెయిట్ మ్యూట్ పెడితే శబ్దం సన్నగా, కొసదేలి వస్తుంది. కప్ మ్యూట్‌తో మెత్తబడుతుంది. హార్మన్ మ్యూట్ అల్యూమినియంది. చుట్టూ ఉన్న బెండు పట్టీ వాద్యం మూతిని పూర్తిగా మూసేస్తుంది కాబట్టి గాలంతా మ్యూట్ లోపలి నుంచే పోవాలి. మైల్స్ డేవిస్ మధ్య గొట్టం తీసేసి మైక్‌కు దగ్గరగా వాయించేవాడు. ఆ ఒంటరి సన్నని గొంతు ఎక్కడ విన్నా ఆయనే గుర్తొస్తాడు. ప్లంజర్ అంటే అచ్చంగా సింక్ పైపు శుభ్రం చేసే రబ్బరు కప్పే. ఎడమ చేత్తో మూసి తెరుస్తుంటే ట్రాంబోన్ మాట్లాడినట్టు, ఏడ్చినట్టు పలుకుతుంది.

వెనక వరుసను గమనించండి. మ్యూట్ మార్చడానికి కాగితంలో నాలుగు బార్లో ఎనిమిది బార్లో విరామం ఉంటుంది. వాద్యం దించి, కుర్చీ కింద ఉన్న మ్యూట్ చప్పుడు కాకుండా తీసి, పెట్టి కాస్త తిప్పి బిగించి, మళ్ళీ పెదవులకు ఆనించాలి. నెమ్మదైన పాటలో అది కింద పడితే హాలంతా వినపడుతుంది. ఆ విరామం రాయడం మరిచిపోయిన స్వరకర్తను ట్రంపెట్ వాళ్ళు అంత తేలిగ్గా క్షమించరు.

శాక్సఫోన్ వాళ్ళ ముందు అన్ని వాద్యాలెందుకు?

ఒక్కొక్కరు రెండు మూడు వాయిస్తారు: ఫ్లూట్, క్లారినెట్, బేస్ క్లారినెట్, సొప్రానో శాక్సఫోన్. ట్రంపెట్ వాళ్ళ దగ్గర ఫ్లూగల్‌హార్న్ కూడా ఉంటుంది. అందుకే 17 మంది ఉన్నా వినిపించే గొంతులు అంతకు ఎన్నో రెట్లు.

లీడ్ ట్రంపెట్ అంటే సోలో వాయించేవారా?

సాధారణంగా కాదు. లీడ్ ట్రంపెట్ అంటే అందరికంటే పై స్వరం పట్టుకునే వ్యక్తి. సోలోలు ఎక్కువగా పక్క కుర్చీకి వెళ్తాయి. స్వరం ఎక్కడ మొదలవ్వాలి, ఎంత పొడుగు, ఎక్కడ తెగాలి అన్నది లీడ్ ట్రంపెట్ వాయించే తీరును బట్టి బ్యాండ్ అంతా అనుసరిస్తుంది. లీడ్ ట్రంపెట్, లీడ్ ట్రాంబోన్, లీడ్ ఆల్టో ముగ్గురూ వరుసల మధ్యలో ఒకరి వెనక ఒకరు కూర్చునేది ఒకరినొకరు వినడానికే. పై స్థాయిలో గంటన్నర సేపు పెదవి నిలపడం శరీర కష్టం. కచేరీ చివర్లో పెద్ద పాట పెట్టేముందు మంచి స్వరకర్త ఆ పెదవి గురించి కూడా ఆలోచిస్తారు.

డ్రమ్మర్‌కు కూడా కాగితం ఉంటుందా?

ఉంటుంది, కానీ ప్రతి దెబ్బా రాయరు. నడక ఏమిటి, ఇత్తడి వాద్యాల గట్టి దెబ్బలు ఎక్కడెక్కడ పడతాయన్నది మాత్రం రాస్తారు. ఆ దెబ్బకు ముందు చిన్న ఎత్తుగడ ఇచ్చి బ్యాండ్‌ను అందులోకి దించడం డ్రమ్మర్ నేర్పు. మన మృదంగ విద్వాంసుడు ముక్తాయింపు వేసి పల్లవి ఎత్తుకునే చోటికి గాయకుణ్ణి చేర్చడం వంటిది. మెల్ లూయిస్ ఈ విద్యలో అందరికీ పాఠం. గట్టిగా వాయించకుండా 16 మందిని లాక్కుపోయేవాడు.

ఎన్నిసార్లు సాధన చేస్తారు?

వింటే ఆశ్చర్యపోతారు, చాలా తక్కువ. విడివిడిగా పనులున్న 17 మందిని ఒక్క గదిలోకి చేర్చడమే కష్టం. ఒకటి రెండు రిహార్సల్స్‌తో వేదిక ఎక్కడం మామూలు. చూసీ చూడగానే వాయించగలిగిన వాళ్ళు కాబట్టి సాగుతుంది.

అందుకే కాగితం తప్పులు ఉండకూడదు. ఒకప్పుడు నేను ఒక బ్యాండ్‌కు పార్టులు దించి ఇచ్చేవాణ్ణి. పూర్తి స్కోర్ (అందరి స్వరాలూ ఒకే చోట ఉన్న రాతప్రతి) నుంచి ఒక్కొక్కరి వంతు విడిగా రాయాలి. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ వాద్యాలు ఒకే పేరుతో ఒకే స్వరం పలకవు. పియానోకూ ట్రాంబోన్‌కూ ‘సీ’ అంటే సీయే. అదే స్వరం వినపడాలంటే ట్రంపెట్‌కు ‘డీ’ అని, ఆల్టో శాక్సఫోన్‌కు ‘ఏ’ అని రాయాలి. రెండో ఆల్టో పార్ట్‌లో ఒక్క బార్ మార్చకుండా అలాగే దించేశాను. రిహార్సల్‌లో ఆ చోటుకు రాగానే పుల్లటి చప్పుడు. స్వరకర్త చెయ్యెత్తి ఆపారు, శాక్సఫోన్లను మాత్రమే ఆ కార్డు పట్టుకోమన్నారు, కింది నుంచి ఒక్కొక్కరినే చేర్చుకుంటూ వచ్చారు. బ్యారిటోన్, టెనర్, టెనర్. రెండో ఆల్టో చేరగానే అందరి మొహాలూ అటు తిరిగాయి. పెన్సిల్ తీసి దిద్దారు, ముందుకు వెళ్ళిపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ కార్డు ఒక్కొక్క మెట్టుగా లేచి నిలబడడం విన్నాక, ఐదు స్వరాల్లో ప్రతిదానికీ ఎంత బరువుందో నాకు మొదటిసారి అర్థమైంది. అది నా పొరపాటు నేర్పిన పాఠం, ఇప్పటికీ పనికొస్తోంది.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

సోలో ముగిసినప్పుడు కొట్టడం జాజ్ ఆనవాయితీ. అయితే ఈ రకం సంగీతంలో సోలో చివర మెల్లగా తర్వాతి భాగంలోకి కరిగిపోతుంది. అక్కడ చప్పట్లు పడితే స్వరకర్త ఎంతో శ్రద్ధగా కట్టిన వంతెన వినపడదు. బ్యాండ్ గట్టిగా ఉంటే కొట్టండి, నిశ్శబ్దంలోకి వెళ్తుంటే ఆగండి.

ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

మధ్యలో, కొంచెం వెనగ్గా. ముందు వరుసలో శాక్సఫోన్లే వినపడతాయి, ట్రంపెట్లు తల మీద నుంచి దూసుకుపోతాయి. బాల్కనీ ఉంటే ఇంకా మంచిది, మ్యూట్లూ చేతులూ కనిపిస్తాయి. చిన్న క్లబ్బయితే శబ్దం ఎక్కువే. పిల్లల్ని తీసుకెళ్తే చెవులకు రక్షణ పెట్టండి.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది పడుతుందా?

పడుతుంది, కానీ చెవిని ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చుకోవాలి. మన కచేరీలో ఆధార షడ్జం కదలదు. దాని మీద రాగం విచ్చుకుంటుంది, గమకం ప్రాణం. ఇక్కడ కింద నేలే కదులుతుంటుంది. గ్రహభేదం తెలిసినవారికి ఒక దారి ఉంది. ఒక ట్రంపెట్ ఒకే స్వరం పట్టుకుని ఉందనుకోండి. కింద బేస్ ఒక చోట ఉన్నప్పుడు అది పంచమంలా వినపడుతుంది. బేస్ మూడు స్వరస్థానాలు పైకి జరిగితే అదే స్వరం అంతర గాంధారమవుతుంది. ఇంకో చోటికి జరిగితే కైశికి నిషాదం. ట్రంపెట్ కదల్లేదు, కానీ దాని భావం రెండుసార్లు మారింది. గ్రహభేదంలో విద్వాంసుడు క్షణకాలం చూపించి వెనక్కి వచ్చే ఆశ్చర్యం ఇక్కడ పాట పొడుగునా నడుస్తుంది.

డ్రమ్స్, సోలో వాద్యం నాలుగేసి బార్లు పంచుకుంటూ వాయించే చోటు వస్తే తనియావర్తనం విన్నవారికి ఎవరూ వివరించనక్కర్లేదు. మొదటి పది నిమిషాలు బాణీ కోసం వెతకవద్దు. బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి, మిగతావి వాటంతట అవే చోటు చేసుకుంటాయి.

ఇంతమందితో బ్యాండ్ నడపడం ఎలా గిట్టుబాటవుతుంది?

చాలామందికి గిట్టుబాటు కాదు. టికెట్ డబ్బు 17 మందికి పంచితే ఏమీ మిగలదు. స్వరకర్తలు పాఠాలు చెప్పి, వేరేవాళ్ళకు రాసి, గ్రాంట్లు తెచ్చుకుని బ్యాండ్‌ను బతికిస్తారు. మరియా ష్నైడర్ తన శ్రోతల నుంచే ముందుగా డబ్బు సేకరించి చేసిన ఆల్బమ్ 2004లో వచ్చింది. దుకాణాల్లో పెట్టకుండా ఇంటర్నెట్‌లోనే అమ్మినా దానికి గ్రామీ వచ్చింది, అలా గెలిచిన మొదటి ఆల్బమ్ అదే.

యూరప్‌లో పరిస్థితి మెరుగు. కొలోన్, హాంబర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్ రేడియో సంస్థలకు, డెన్మార్క్ రేడియోకు సొంత బిగ్ బ్యాండ్లున్నాయి. నెదర్లాండ్స్‌లో 1945లో పుట్టిన మెట్రోపోల్ ఆర్కెస్ట్రా ఉంది. వాద్యకారులకు జీతాలుంటాయి. న్యూయార్క్ స్వరకర్తలు తరచూ అక్కడికి వెళ్ళి తమ సంగీతాన్ని వాయింపిస్తారు. మీకొక కచేరీ నచ్చితే బయట బల్ల మీద ఉన్న ఆల్బమ్ కొనండి. అది మాటవరసకు చెప్పడం లేదు, తర్వాతి రికార్డింగ్‌కు ఆ డబ్బు నిజంగా పనికొస్తుంది.

ఆల్బమ్‌లో విన్న పాట వేదిక మీద వేరుగా ఉందేం?

సోలో వాయించే మనిషి మారి ఉండవచ్చు. అప్పుడు పాట కూడా మారుతుంది. కొందరు స్వరకర్తలు కొత్త మనిషి వచ్చినప్పుడు వెనక స్వరాలను కూడా తిరగరాస్తారు. ఒకరికి సరిపోయిన కార్డు ఇంకొకరికి ఇరుకవుతుంది.

కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి వెళ్ళి స్కోర్ చూడవచ్చా?

అడగండి, చాలామంది సంతోషంగా చూపిస్తారు. కొందరు స్కోర్లు ముద్రించి అమ్ముతారు కూడా. స్కోర్ దొరక్కపోతే స్టాండ్ల మీద మిగిలిన పార్టులు చూసినా చాలు. ముద్రించిన స్వరాల చుట్టూ పెన్సిల్ రాతలుంటాయి: ఒక చోట కళ్ళజోడు బొమ్మ, అంటే ‘ఇక్కడ తలెత్తి చూడు’ అని. ఒక చోట ఊపిరి గుర్తు. ఒక చోట మ్యూట్ పేరు చుట్టూ రెండు సున్నాలు. నేను చూసిన ఒక పాత పార్ట్ మీద మూలన ముగ్గురి పేర్లు ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళవి. మొదటి రెండు కొట్టేసి ఉన్నాయి, మూడోది ఆ రాత్రి వాయించిన అమ్మాయిది.